రాత్రిపూట అద్దం ముందు

నలభై ఒకటో ఏట పళ్ళకు క్లిప్పులు వేయించుకున్నాను. పై వరసలో ముందుకొచ్చిన రెండు పళ్ళు, నవ్వొచ్చినప్పుడల్లా వాటికి అడ్డం వెళ్ళే కుడిచెయ్యి, రెండూ చిన్నప్పటి నుంచి నాతోనే పెరిగాయి. క్లిప్పులు వేసిన రోజు డాక్టరుగారు నాకొక ఫొటో చూపించారు. ఎవరో అబ్బాయి పలువరస. క్లిప్పులు తీసేశాక తీసిన ఫొటో. పళ్ళు ముత్యాల్లా వరసలో కూర్చున్నాయి, కానీ ఒక్కో పంటి మీద సున్నంతో గీసినట్టు తెల్లటి చట్రం. క్లిప్పు అతికి ఉన్న చోటు బాగుంది. దాని చుట్టూ ఉన్న చోటే పాడైంది.

ఆ ఫొటో నన్ను చాలా రోజులు వదల్లేదు. అంత డబ్బు, అన్ని నెలల ఓపిక పెట్టి వంకర సరిచేసుకుని, చివరికి మచ్చలు మిగలడమా? కారణం తెలుసుకున్నాక భయం తగ్గి పని మొదలైంది. క్లిప్పు అంచున, క్లిప్పులను కలిపే తీగ కింద అన్నం మెతుకు, పాచి చేరితే మామూలు బ్రష్షు అక్కడిదాకా పోదు. పాచిలోని బాక్టీరియా తీపినీ పిండినీ తిని ఆమ్లం వదులుతుంది. అక్కడ పీహెచ్ సుమారు 5.5 కంటే దిగితే పంటి పైపొర ఎనామిల్ కరగడం మొదలవుతుంది. శ్రద్ధ లేకపోతే ఒక్క నెలలోనే ఆ తెల్లమచ్చ కనబడొచ్చు.

మనకు పళ్ళు తోముకోవడమంటే పొద్దుటి పని. పాచి ముఖంతో వంటింటి గడప తొక్కితే మా అమ్మమ్మ ఊరుకునేది కాదు. వేపపుల్ల అయినా, కచ్చిక అయినా, తర్వాత వచ్చిన పళ్ళపొడి అయినా తెల్లవారిందంటేనే గుర్తొచ్చేవి. రాత్రి తోముకున్నావా అని మా ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగలేదు. నిజానికి నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. పగలంతా ఆమ్లాన్ని కడుగుతూ, కరిగిన ఖనిజాలను తిరిగి పంటికి అందిస్తూ ఉండే ఆ కాపలా రాత్రి పలచబడుతుంది. అందుకే పొద్దున, రాత్రి రెండింటిలో ఏది ముఖ్యమని ఎవరైనా అడిగితే, తడుముకోకుండా రాత్రిదే అంటాను.

పొద్దున తోముకోవడానికి మనల్ని తరిమేవాళ్ళున్నారు. బస్సులో పక్క సీటువాళ్ళు, ఆఫీసులో ఎదురుగా కూర్చునేవాళ్ళు. రాత్రి పదిన్నరకి, కళ్ళు మూతలు పడుతున్నప్పుడు చేసే పనికి ఎవరూ సాక్షి లేరు. ఎగ్గొట్టినా తెల్లారి ఏమీ కాదు. అసలు చిక్కంతా ఆ ఏమీ కాకపోవడంలోనే ఉంది. నష్టం రోజులు గడిచాకగానీ బయటపడదు. డెన్మార్క్‌లో హారాల్డ్ లో అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 1965లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. ఆరోగ్యమైన చిగుళ్ళున్న 12 మంది చేత పళ్ళు తోముకోవడం పూర్తిగా మాన్పించారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ శుభ్రం మొదలుపెట్టాక దాదాపు వారం రోజుల్లో మామూలయ్యాయి. ఇందులోని రెండో సగం నాకు కొండంత ధైర్యం. తప్పిన పనిని మళ్ళీ పట్టుకుంటే చిగురు మన్నిస్తుంది. ఎనామిల్ అంత సులువుగా మన్నించదు.

నేను చేసిన మార్పు చిన్నది. తోముకోవడాన్ని పడుకునే వేళ నుంచి విడదీసి, భోజనానికి ముడివేశాను. వంటిల్లు సర్ది దీపం ఆర్పగానే నేరుగా అద్దం దగ్గరికి. ముందు క్లిప్పులకు తగిలించిన రబ్బరు బ్యాండ్లు తీసి గట్టిగా పుక్కిలించడం. తర్వాత బ్రష్షును చిగురు వైపు ఏటవాలుగా పట్టి, క్లిప్పు పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి. ఆపైన సీసాలు కడిగే బ్రష్షుకు పిల్లలాంటి సన్నటి బ్రష్షు ఒకటి దొరుకుతుంది, దాన్ని తీగ కింద, క్లిప్పుకీ క్లిప్పుకీ మధ్య దూర్చడం. ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడి, ఉమ్మేశాక నీళ్ళతో మళ్ళీ కడగకుండా వదిలేయడం. సకినాలు, పల్లీపట్టీ, చెరకు ముక్క క్లిప్పులున్నన్నాళ్ళూ దూరం పెట్టాను. క్లిప్పు ఊడితే పని మళ్ళీ మొదటికొస్తుంది.

ఒకసారి పాచికి రంగు పట్టించే బిళ్ళ తెచ్చి నమిలాను. శుభ్రంగా ఉన్నాయనుకున్న పళ్ళ మీద, కుడివైపు కోరపన్ను చుట్టూ గులాబీరంగు గీత తేలింది. అలసిపోయిన రాత్రుల్లో నేను తొందరపడే చోటు అదేనని అర్థమైంది. మనం ఎక్కడ చెయ్యి తేల్చేస్తున్నామో అంత స్పష్టంగా చూపించేది జీవితంలో మరొకటి నాకు తారసపడలేదు.

బంధువుల పెళ్ళిలో భోజనాలయ్యాక, చేతులు కడిగే చోట అద్దం ముందు నిలబడి బ్రష్షు తీశాను. "ఈ వయసులో ఇదేంటమ్మాయ్?" అంది పెద్దత్తయ్య. "పళ్ళు సరిచేయించుకుంటున్నా అత్తయ్యా" అన్నాను, నోరు పూర్తిగా తెరిచి చూపిస్తూ. ఆ క్షణంలో నా కుడిచెయ్యి బ్రష్షుతో ఉంది, నోటికి అడ్డం వెళ్ళలేదు. ముప్పై ఏళ్ళు దాచుకున్న చోటును రోజుకు రెండుసార్లు వెలుతురులో నిలిపి, ఒక్కొక్క పన్నుగా చూసుకున్నాక, దాచవలసిందేమీ మిగలలేదు.

ఇరవై రెండు నెలలకు క్లిప్పులు తీశారు. జిగురు గీకేశాక నాలుక పళ్ళ మీద జారింది. అద్దంలో చూశాను. కుడి కోరపన్ను అంచున గోరంత తెల్లమచ్చ, మిగతావి శుభ్రంగా ఉన్నాయి. పళ్ళు పాత చోటికి జరగకుండా రాత్రిళ్ళు రిటైనర్ పెట్టుకోమన్నారు. నిన్న రాత్రి దాన్ని చన్నీళ్ళ కింద కడుగుతుంటే మా అమ్మాయి వచ్చి, "అయిపోయింది కదమ్మా, ఇంకా ఏంటి?" అంది. పక్కకు జరిగి తనకీ చోటిచ్చాను. తన బ్రష్షు తీసుకుంది.