పత్తిచేలో మిత్రపురుగులు – పాడికీ మేలు

మన సంఘాలలో పత్తి వేసే సభ్యులకు పాడిపశువులు కూడ ఉన్నవి. చేలో చల్లిన మందు గట్టుగడ్డిపై పడి, మేత ద్వారా పాలలోకి చేరవచ్చును. కనుక మందు తగ్గితే మనకు రెండు విధాల లాభము.

1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాలలో ఎన్నిసార్లు మందు కొట్టినా తెల్లదోమ, శనగపచ్చ పురుగు లొంగలేదు. పురుగులు మందును తట్టుకొన్నవి. వాటిని తినే మిత్రపురుగులు మాత్రం నశించినవి.

అక్షింతల పురుగులు, వాటి పిల్లపురుగులు పేనుబంకను తింటాయి. ట్రైకోగ్రామా అనే అతిచిన్న కందిరీగ శనగపచ్చ పురుగు గ్రుడ్లలో తన గ్రుడ్లు పెట్టి, పురుగు పుట్టకుండానే నాశనం చేస్తుంది.

పత్తిలో అంతరపంటగా బొబ్బర, చేను చుట్టూ జొన్న వేయండి. బొబ్బరపై చేరే పేనుబంకను తిని పెరిగిన అక్షింతల పురుగులు పత్తికీ వస్తాయి. బొబ్బర, జొన్న పశువులకు మంచి మేత. అయితే పత్తికి మందు చల్లినచో వాటిని వెంటనే మేపరాదు. పూతకు రాని లేతజొన్న అసలే మేపరాదు. నాము తగిలి పశువు చనిపోవచ్చును.

మందు కొట్టేముందు ఆకులు తిప్పి చూడండి. మిత్రపురుగులు దండిగా ఉంటే ఆగండి. పాలు పోయవచ్చిన సభ్యులకు కార్యదర్శులు దీనిని చదివి వినిపించవలెనని కోరుతున్నాము.