ఏడు తరాల లెక్క

పిల్లలూ! మీ తాతగారి పేరు అడిగితే వెంటనే చెబుతారు. ముత్తాతగారి పేరు అడిగితే ఇంటికి వెళ్లి, అమ్మనో నాన్ననో అడిగి వచ్చి చెబుతారు. ఆ ముత్తాతగారి తండ్రి పేరు ఏమిటి? ఆయన తాత పేరు ఏమిటి? అక్కడికి వచ్చేసరికి మనలో చాలామందికి మాట ఆగిపోతుంది.

పెళ్లి సంబంధాలు చూసేటప్పుడు పెద్దలు "అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలి" అంటూ ఉంటారు. ఆ ఏడు తరాల మాట ఈమధ్య భారత ప్రభుత్వపు నియమంలోకి కూడా వచ్చింది. అది ఎలా వచ్చిందో, దానివల్ల మనకు ఏమి కలిగిందో, ఏమి కలగలేదో ఈ పాఠంలో తెలుసుకొందాం.

మన పూర్వులు

1834వ సంవత్సరం నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడలో 36 మంది ఒప్పంద కూలీలు పోర్ట్ లూయీకి వచ్చారు. అది మొదలు 1920 వరకు సుమారు అయిదు లక్షలమంది భారతదేశం నుండి ఇక్కడికి వచ్చారు. కొందరిని ఇక్కడి నుండి ఇతర దేశాలకు పంపారు. చాలామంది మన చెరకు తోటలలో పనిచేసి ఇక్కడే స్థిరపడ్డారు. వారు దిగిన ఆప్రవాసీ ఘాట్ రాతి మెట్లను మీలో చాలామంది చూసే ఉంటారు. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

వచ్చినవారిలో మన తెలుగువారు కూడా ఉన్నారు. వారిలో అనేకులు గోదావరి, విశాఖపట్నం, గంజాం ప్రాంతాలవారు. కాకినాడ దగ్గర కోరంగి అనే పాత రేవు ఉన్నది. ఆ రేవు పేరు మీదనే ఇక్కడివారు తెలుగువారిని 'కోరంగీలు' అని పిలిచారు.

ఆనాడు అక్కడా ఇక్కడా బ్రిటిష్ వారి పాలనే. తరువాత 1947 ఆగస్టు 15న భారతదేశం స్వతంత్రమైంది. 1968 మార్చి 12న మన మారిషస్ స్వతంత్రమైంది. అవి రెండు దేశాలు. మనం మారిషస్ పౌరులం. కాబట్టి పూర్వుల ఊరు చూడాలన్నా మనం విదేశీయుల వలెనే వీసాతో వెళ్లాలి.

ఒక కార్డు పుట్టింది

మనవంటి వారు లోకంలో ఎన్నో దేశాలలో ఉన్నారు గదా! వారి రాకపోకలు సులభం చేయడానికి భారత ప్రభుత్వం 1999లో 'పి.ఐ.ఓ. కార్డు' తెచ్చింది. 2005లో చట్టాన్ని సవరించి 'ఓవర్సీస్ సిటిజన్ ఆఫ్ ఇండియా' అనే మరొక పథకం పెట్టింది. దీనినే ఓ.సి.ఐ. కార్డు అంటారు. 2006 జనవరిలో హైదరాబాదులో ప్రవాసీ భారతీయ దివస్ జరిగినప్పుడు, అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ గారు ఈ పథకాన్ని ప్రారంభించారు. 2015లో పాత పి.ఐ.ఓ. పథకాన్ని దీనిలో కలిపివేశారు.

అయితే ఎంత దూరపు వంశంవారికి ఈ కార్డు ఇవ్వాలి? చట్టం ఒక గీత గీసింది. మామూలుగా భారతీయుడైన పూర్వుని బిడ్డ, మనుమడు లేక మనుమరాలు, మునిమనుమడు లేక మునిమనుమరాలు అయితే కార్డుకు అర్హులు. అక్కడితో ఆగాలి.

ఇక్కడే మనకు చిక్కు వచ్చింది. ఒక చిన్న లెక్క చేయండి. 1865లో ఇరవై ఏళ్ల యువకుడొకడు ఓడ దిగాడనుకొందాం. అంటే అతడు 1845లో పుట్టాడు. తరానికి తరానికి 28 ఏళ్లు తేడా అనుకొంటే, వరుసగా 1873, 1901, 1929, 1957, 1985, 2013 సంవత్సరాలలో అతని వంశంవారు పుడతారు. అతనిని ఒకటిగా లెక్కిస్తే, 2013లో పుట్టిన బిడ్డ ఏడవ తరం. చట్టం గీసిన గీత 1929లో పుట్టినవారి దగ్గరే ఆగిపోయింది! ముందుగా వలస వచ్చినవారి వంశం ముందుగా గీత దాటిపోయింది. నిన్నమొన్న అమెరికా వెళ్లినవారి పిల్లలకు కార్డు దొరికేది. ఎంతో ముందు వచ్చిన మనకు దొరకడం కష్టమయ్యేది.

2024 మార్చిలో భారత రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము గారు మన జాతీయ దినోత్సవానికి ముఖ్య అతిథిగా వచ్చారు. మారిషస్‌లోని భారత సంతతివారికి ఏడవ తరం వరకు ఓ.సి.ఐ. కార్డు ఇచ్చే ప్రత్యేక ఏర్పాటును ఆమె అప్పుడు ప్రకటించారు. 2025 మార్చిలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ గారు వచ్చినప్పుడు మన అధ్యక్షులు ధరమ్ గోకుల్ గారికీ, వారి భార్యకూ ఆ కార్డులు అందజేశారు.

కార్డుతో ఏమి చేయవచ్చు?

ఈ కార్డు ఉన్నవారు జీవితాంతం ఎన్నిసార్లయినా భారతదేశానికి వెళ్లి రావచ్చు. ప్రతిసారీ వీసా అడగనక్కరలేదు. ఎంతకాలం ఉన్నా విదేశీయుల కార్యాలయంలో పేరు నమోదు చేసుకోనక్కరలేదు. అక్కడ చదువుకోవచ్చు. చాలా ఉద్యోగాలు చేసుకోవచ్చు. ఇల్లు కొనుక్కోవచ్చు. మ్యూజియములు, ప్రాచీన కట్టడాలు చూడడానికి అక్కడి పౌరులు ఇచ్చే రుసుమే ఇస్తే చాలు.

ఏమి చేయరాదు?

కార్డు పేరులో 'పౌరుడు' అనే మాట ఉన్నది. ఆ మాట చూసి పొరపడకండి. భారతదేశం రెండు దేశాల పౌరసత్వాన్ని ఒప్పుకోదు. కార్డు తీసుకొన్నా మీరు మారిషస్ పౌరులే. మీ పాస్‌పోర్టు మారిషస్ పాస్‌పోర్టే. అక్కడ ఎన్నికలలో ఓటు వేయరాదు. శాసనసభకు గాని పార్లమెంటుకు గాని పోటీ చేయరాదు. రాష్ట్రపతి, న్యాయమూర్తి వంటి పదవులు చేపట్టరాదు. విలేఖరిగా పనిచేయాలన్నా, పరిశోధన చేయాలన్నా ముందుగా అనుమతి తీసుకోవాలి.

మరొక మాట. తాతల ఊరిలో ఇల్లు కొనవచ్చు గాని, పొలం కొనరాదు. తోటలు కూడా కొనరాదు. మన పూర్వులలో ఎందరో సొంత పొలం లేక, ఉన్నది చాలక ఓడ ఎక్కారు. కార్డుతో వారి ఊరికి వెళ్లి ఆ చేను గట్టు మీద మనం నిలబడవచ్చు. కాని ఆ చేనును కొని సాగు చేసుకొనే హక్కు మనకు లేదు.

పేర్లే సాక్ష్యం

"మా పూర్వులు తెలుగుదేశం నుండి వచ్చారు" అని నోటితో చెబితే కార్డు ఇవ్వరు. నాన్న నుండి తాతకు, తాత నుండి ముత్తాతకు, ఒక్కొక్క మెట్టుకు కాగితం చూపాలి. జనన పత్రాలు, వివాహ పత్రాలు ఇందుకు పనికివస్తాయి. అమ్మ వైపు నుండి కూడా లెక్క చూపవచ్చు. అమ్మమ్మ వంశం కూడా వంశమే గదా! ఒక్క మెట్టు దొరకకపోతే పై మెట్లన్నీ మనకు అందకుండా పోతాయి.

చివరి మెట్టు ఓడ దిగిన మనిషి. వలస వచ్చిన ప్రతివారికి ఆనాటి ప్రభుత్వం ఒక సంఖ్య ఇచ్చింది. పేరు, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు, ఊరు, జిల్లా, ఓడ పేరు పుస్తకాలలో రాశారు. కొంతకాలం తరువాత ఫొటోలు కూడా తీశారు. ఆ పుస్తకాలు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి.

అయితే రాసిన గుమాస్తాలకు తెలుగు రాదు. తమ చెవికి వినిపించినట్లు రాశారు. 'అప్పన్న' అనే పేరు ఒక పుస్తకంలో ఒకలాగా, తరువాతి పత్రంలో మరొకలాగా ఉండవచ్చు. ఊరి పేరుకూ అదే గతి. ఆ రెండూ ఒకే పేరని గుర్తుపట్టాలంటే ఆ పేరు తెలుగులో ఎలా పలుకుతారో తెలిసి ఉండాలి. ఇంట్లో పెద్దలు చెప్పిన మాట కూడా కావాలి. "మా తాత సింహాచలం పేరు ఎప్పుడూ తలచుకొనేవాడు" అని నానమ్మ చెబితే, వెదకవలసిన జిల్లా ఏదో తెలుస్తుంది.

కాగితం పుస్తకంలో మరి నూరేళ్లు ఉంటుంది. నానమ్మ జ్ఞాపకం నానమ్మతోనే పోతుంది. మీ ఇంట్లో కార్డు తీసుకొంటారో లేదో పెద్దలు నిర్ణయిస్తారు. పేర్లు అడిగి రాసి ఉంచడం మాత్రం మీరు ఈనాడే చేయగల పని.

కొత్త మాటలు
పూర్వులు – మనకు ముందు తరాలవారు
సంతతి – వంశంలో పుట్టినవారు
అర్హులు – తగినవారు
రుసుము – చెల్లించవలసిన సొమ్ము
గుమాస్తా – లెక్కలు, పత్రాలు రాసే ఉద్యోగి

ప్రశ్నలు
1. తెలుగువారికి 'కోరంగీలు' అనే పేరు ఎందుకు వచ్చింది?
2. మామూలు నియమం ప్రకారం ఓ.సి.ఐ. కార్డు మనకు దొరకడం ఎందుకు కష్టమయ్యేది?
3. కార్డు ఉన్నవారు చేయగల పనులు మూడు, చేయరాని పనులు మూడు రాయండి.
4. పాత పుస్తకాలలో పేర్లు వెదకడానికి తెలుగు ఎలా ఉపయోగపడుతుంది?

చేయండి
ఒక కాగితం మీద ఏడు మెట్లు గీయండి. కింది మెట్టు మీద మీ పేరు రాయండి. ఇంట్లో పెద్దలను అడిగి, తెలిసినంతవరకు పై మెట్ల మీద పేర్లు రాయండి. తెలియని మెట్టును ఖాళీగా ఉంచండి. ఊహించి రాయకండి.