మెరుపు – మన్నిక

పాఠ్యభాగ ఉద్దేశం

వస్తువు వెల వేరు, విలువ వేరు. ఇల్లు, చదువు, పెళ్లి తరువాత మధ్యతరగతి కుటుంబం పెద్దమొత్తం వెచ్చించేది వాహనం మీదనే. అనంతపురం వంటి కరవు సీమలో ఆ సొమ్ము వెనుక ఎన్నో ఏండ్ల పొదుపు ఉంటుంది. పాత కారు కొనేటప్పుడు పరీక్షించవలసిన అంశాలను, పాటించవలసిన చట్ట నియమాలను తెలియజేసి, విద్యార్థులలో వినియోగదారునికి ఉండవలసిన వివేకాన్ని పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

అనంతపురం దక్కను పీఠభూమిలోని వర్షచ్ఛాయా ప్రాంతం. పడమటి కనుమలు నైరుతి రుతుపవనాలను అడ్డుకొంటాయి. తూర్పు తీరం దూరం కావడం వల్ల ఈశాన్య రుతుపవనాల తేమ ఇక్కడికి చేరేసరికి సన్నగిల్లుతుంది. ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇక్కడి ప్రధానమైన పంట వేరుసెనగ. అది చాలావరకు వర్షాధారం. వాన కురిస్తే పంట, కురవకపోతే అప్పు. ఇటువంటి నేల మీద బ్రతికే మనిషి ఖర్చు పెట్టే ప్రతి రూపాయికీ లెక్క చూసుకొంటాడు.

ఈ సీమ నడుమ నుండి 44వ నంబరు జాతీయ రహదారి సాగుతుంది. పూర్వం దీనిని 7వ నంబరు రహదారి అనేవారు. అనంతపురం నుండి బెంగళూరుకు ఈ బాటన సుమారు 210 కిలోమీటర్ల దూరం. దారిలో పెనుకొండ సమీపాన ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారం ఉంది. దాని స్థాపనకు 2017లో ఒప్పందం కుదిరింది. 2019లో అక్కడ ఉత్పత్తి మొదలయింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు పెనుకొండ శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. కొత్త కార్లు పుట్టే ఈ సీమలోనే, కొత్త కారు ధర అందుకోలేని కుటుంబాలు అనేకం. వారి చూపు సహజంగా పాత కార్ల వైపు, అందులోనూ బెంగళూరు బజారు వైపు మళ్లుతుంది.

కదిరి ప్రాంతంలోని ఒక ఉపాధ్యాయ కుటుంబాన్ని ఊహించుకోవచ్చు. తండ్రి పదవీ విరమణకు దగ్గరలో ఉన్నాడు. తల్లికి మోకాళ్ల నొప్పులు. వైద్యానికి ఆమెను తరచుగా బత్తలపల్లికో, పుట్టపర్తికో, ఒక్కొక్కసారి బెంగళూరుకో తీసుకొనిపోవాలి. బస్సు ప్రయాణం ఆమెకు కష్టమవుతున్నది. ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో ఒక పాత కారు కొనాలని తండ్రి, కొడుకు బెంగళూరుకు బయలుదేరారు.

అక్కడ కొడుకు మనసు మొదట ఒక ఎర్రని కన్వర్టిబుల్ మీద నిలిచింది. పైకప్పు మడిచి వేయడానికి వీలున్న కారును కన్వర్టిబుల్ అంటారు. వెనుకకు వాలిన పైకప్పుతో, సాధారణంగా రెండే తలుపులతో ఉండే కారు కూపే. కోయడం అనే అర్థం గల ఫ్రెంచి మాట నుండి ఈ పేరు పుట్టింది. చల్లని దేశాలలో ఎండ అపురూపం కనుక అక్కడివారు కప్పు తీసి ఎండ కాచుకొంటారు. అనంతపురంలో నీడ అపురూపం. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండలో, ఎర్రదుమ్ము రేగే బాటలో కప్పు తీసి పోయేది ఎన్ని దినాలు? గుడ్డతో చేసిన కప్పు ఎండకు బిరుసెక్కుతుంది. దానిని మడిచే యంత్రం చెడితే బాగుచేసేవారు పెద్ద నగరంలో తప్ప దొరకరు. కారు అడుగు నేలకు దగ్గరగా ఉంటే పల్లెబాటలోని ప్రతి గతుకూ దెబ్బే. అన్నింటికీ మించి, రెండు తలుపుల కారులో వెనుక సీటుకు చేరాలంటే ముందు సీటు వంచి, ఒదిగి దూరాలి.

“నాయనా, కారు కొంటున్నది ఎవరి కోసం? మీ అమ్మ దీంట్లోకి ఎక్కగలదా?” అని తండ్రి అడిగాడు. కొడుకు మారుపలుకలేదు.

ఇటీవల కూపే ఆకారాన్నీ నాలుగు తలుపుల సౌకర్యాన్నీ కలిపిన వాహనాలు వచ్చాయి. 2024లో విడుదలైన సిట్రోయెన్ బసాల్ట్, టాటా కర్వ్ అటువంటివి. అయినా వాలు కప్పు వల్ల వెనుక కూర్చున్నవారి తలకు చోటు చాలుతుందో లేదో కూర్చుని చూచిన తరువాతనే అటువంటి బండిని ఎంచుకోవాలి. సుఖం అనేది ప్రకటనలో ఉండదు. అది ఎక్కేవారి వయసును, తిరిగే బాటను, కాసే ఎండను బట్టి ఉంటుంది. ఈ సీమలో మధ్యతరగతి కుటుంబానికి నాలుగు తలుపులు, చల్లగా పనిచేసే ఏ.సి., నేలకు తగినంత ఎత్తు, చేరువలో విడిభాగాలు దొరికే అవకాశం ఉన్న మధ్యస్థ పరిమాణపు కారే నిజమైన సుఖం.

పాత కారులో లాభం ఎక్కడిది? కొత్త కారు విలువ మొదటి ఏండ్లలోనే వేగంగా తరుగుతుంది. మన దేశంలో బీమా లెక్కలకు వాడే తరుగుదల పట్టిక ప్రకారం ఒక ఏడాది దాటి రెండేండ్లలోపు కారుకు 20 శాతం, మూడేండ్లలోపు 30 శాతం, నాలుగేండ్లలోపు 40 శాతం, ఐదేండ్లలోపు 50 శాతం తగ్గిస్తారు. అంటే 10 లక్షల రూపాయల కారు బీమా విలువ ఐదవ ఏట 5 లక్షలు. బజారు ధర దీనికి కొంత అటూఇటూగా ఉండవచ్చు. మొదటి యజమాని భరించిన ఈ తరుగే రెండవ యజమానికి లాభం. అయితే కారు బాగున్నప్పుడే అది లాభం.

ఆ కుటుంబం చూచిన రెండవ కారు అద్దంలా మెరుస్తున్నది. ధర కూడా అనుకొన్నదానికంటె తక్కువ. వారి వెంట వచ్చిన మెకానిక్కు బానెట్ ఎత్తక మునుపే సీటు బెల్టును చివరి వరకు లాగి చూశాడు. లోపలి కొసన బురద గీత ఉంది. కాలి కింది తివాచీ ఎత్తితే ముక్కవాసన వచ్చింది. సీటు పట్టాలకు తుప్పు పట్టి ఉంది. అది వరద నీటిలో మునిగిన కారు. 2015 డిసెంబరులో చెన్నైని, 2022 సెప్టెంబరులో బెంగళూరును, 2024 సెప్టెంబరులో విజయవాడను వరదలు ముంచెత్తినప్పుడు ఎన్నో కార్లు నీట మునిగాయి. మునిగిన బండికి పైమెరుగులు దిద్ది దూరపు ఊళ్లవారికి అంటగట్టే అవకాశం ఉంటుంది. నీరు చేరిన విద్యుత్తు తీగలు వెంటనే పాడుకావు. కొన్ని నెలల తరువాత ఒక్కొక్కటిగా మొరాయిస్తాయి. వాన కోసం ఎదురుచూసే సీమవాడు వరద మిగిల్చిన నష్టాన్ని సొమ్మిచ్చి ఇంటికి తెచ్చుకోవడం కంటె విచారకరమైన విషయం వేరొకటి లేదు.

పాత కారును ఉదయం వేళ, ఇంజను చల్లగా ఉన్నప్పుడు చూడాలి. అమ్మేవారు ముందే వేడిచేసి ఉంచితే లోపాలు మరుగున పడతాయి. సైలెన్సరు నుండి నీలిపొగ ఆగకుండా వస్తే ఇంజనులో నూనె మండుతున్నదని గ్రహించాలి. నూనె మూత కింద పాలమీగడ వంటి పదార్థం కనిపిస్తే నూనెలో నీరు కలిసిందేమోనని అనుమానించాలి. తలుపుల సందులు సమానంగా లేకున్నా, రంగులో తేడా కనిపించినా ప్రమాదానికి గురై ఉండవచ్చు. లప్పం దట్టంగా పూసిన చోట అయస్కాంతం అంటుకోదు. టైరు అంచుమీద నాలుగు అంకెల గుర్తు ఉంటుంది. 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. ఎండలో ఎక్కువకాలం నిలిచిన బండిలో టైర్లు, గొట్టాలు, తలుపుల రబ్బరు పట్టీలు పగుళ్లు బారుతాయి. బ్యాటరీ ఆయుష్షు కూడా తగ్గుతుంది. దుమ్ము బాటన తిరిగిన బండిలో గాలి వడపోత ఫిల్టరును, రేడియేటరును ప్రత్యేకంగా చూడాలి. మీటరు చూపే కిలోమీటర్లను గుడ్డిగా నమ్మరాదు. మీటరు 30 వేలు చూపుతూ, పెడళ్ల రబ్బరు మాత్రం అరిగిపోయి ఉంటే సర్వీసు పుస్తకంలోని అంకెలతో సరిపోల్చాలి. పిమ్మట చదునైన రోడ్డు మీదనే కాక గతుకుల బాట మీద కూడా నడిపి చూడాలి.

బండి ఎంత బాగున్నా కాగితాలు సరిగా లేకపోతే బేరం చెడినట్లే. ఆర్.సి.లోని ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీది అంకెలతో సరిపోవాలి. అప్పుతో కొన్న కారయితే అప్పు తీరినట్లు ఫారం 35, బ్యాంకు పత్రం ఉండాలి. చెల్లించని జరిమానాలు ఉన్నవేమో చూడాలి. యాజమాన్యం మార్చుకోవడానికి ఫారం 29, ఫారం 30 అవసరం. ఒకే రాష్ట్రంలో అమ్మకం జరిగితే 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం అమ్మినవారు 14 దినాలలో, కొన్నవారు 30 దినాలలో రవాణా శాఖకు తెలియజేయాలి. బెంగళూరు నుండి కొన్న కారుకు కర్ణాటక అధికారులు ఇచ్చే ఎన్.ఓ.సి. కావాలి, దాని కోసం ఫారం 28 దాఖలు చేయాలి. ఇక్కడ మళ్లీ జీవితకాలపు పన్ను చెల్లించాలి. కర్ణాటకలో కట్టిన పన్నులో మిగిలిన కాలానికి చెందిన భాగాన్ని తిరిగి కోరే వీలుంది. ఈ లెక్క చూడనివారికి చవక బేరం చివరకు ప్రియమవుతుంది.

బీమా పత్రాన్ని కూడా కొన్నవారి పేర మార్పించుకోవాలి. అమ్మినవారికి ఉన్న నో క్లెయిమ్ బోనస్ కొన్నవారికి రాదు. పేరు మార్పు విషయంలో అమ్మేవారు కూడా ఏమరుపాటు చూపరాదు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు ప్రకారం, బండి చేతులు మారినా రవాణా శాఖ రికార్డులో ఎవరి పేరు ఉంటే ప్రమాద నష్టపరిహారానికి వారే బాధ్యులు. సొమ్ము తీసుకొని తాళంచెవి ఇచ్చినంత మాత్రాన బాధ్యత తీరదు. పాత కార్ల వ్యాపారులు రవాణా శాఖ నుండి అధికార పత్రం పొందాలనే నియమం 2023 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చింది. ఆ పత్రం ఉన్నదో లేదో అడిగే హక్కు కొనుగోలుదారునికి ఉంది.

ఆ కుటుంబం మూడవ కారును ఎంచుకొన్నది. దాని రంగు కొంత వెలసింది. తలుపు మీద ఒక గీత ఉంది. కాని సర్వీసు పుస్తకం మొదటి పుట నుండి నిండుగా ఉంది. ఇంజను తొలి తిప్పుకే అందుకొన్నది. పేరున్నది ఒకే యజమానిది. తమ వద్ద ఉన్న సొమ్మంతా ధరకే పెట్టక, టైర్లకు, బ్యాటరీకి, పన్నుకు, బీమాకు కొంత మిగుల్చుకొన్నారు. వేసవిలో ఒక రాత్రి తల్లికి ఉన్నట్టుండి ఆయాసం వచ్చింది. కొడుకు తాళం తిప్పగానే బండి కదిలింది. తెల్లవారక ముందే ఆమె ఆసుపత్రి మంచం మీద కుదుటపడింది. ఆ చీకటిలో కారు రంగు ఎవరికీ గుర్తు రాలేదు.

పదకోశం

అపురూపం = అరుదైనది
మొరాయించు = పనిచేయక నిలిచిపోవు
ముక్కవాసన = తడి ఆరక వచ్చే చెడ్డవాసన
లప్పం = సొట్టలను, సందులను పూడ్చడానికి పూసే ముద్ద
ప్రియం = ఎక్కువ ధర
ఏమరుపాటు = అజాగ్రత్త
వెలసిన = రంగు తగ్గిన

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. పాత కారు కొనేవారు బండిలో పరీక్షించవలసిన అంశాలను పాఠం ఆధారంగా వివరించండి.
2. ‘సుఖం అనేది ప్రకటనలో ఉండదు’ – ఈ మాటను అనంతపురం పరిస్థితులకు అన్వయించి చర్చించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. కన్వర్టిబుల్ కారు అనంతపురం సీమకు ఎందుకు అనుకూలం కాదు?
2. వరదలో మునిగిన కారును ఎట్లా గుర్తించవచ్చు?
3. యాజమాన్య మార్పు విషయంలో అమ్మేవారు ఎందుకు జాగ్రత్త వహించాలి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. టైరు మీద 2319 అనే గుర్తు దేనిని తెలుపుతుంది?
2. ఎర్రమంచి వద్ద ఏ కర్మాగారం ఉంది?
3. మరొక రాష్ట్రం నుండి కొన్న కారుకు ఏ పత్రం అవసరం?

IV. సంధులు
1. వర్షాధారం = వర్ష + ఆధారం – సవర్ణదీర్ఘ సంధి
2. ప్రత్యేకం = ప్రతి + ఏకం – యణాదేశ సంధి

V. సమాసాలు
1. నాలుగు తలుపులు – నాలుగు సంఖ్య గల తలుపులు – ద్విగు సమాసం
2. వరద నీరు – వరద యొక్క నీరు – షష్ఠీ తత్పురుష సమాసం
3. పాత కారు – పాతదైన కారు – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం

VI. భాషా కార్యం
మీ ఇంట్లో పాత వాహనం కొనాలనుకొంటున్నారని భావించి, గమనించవలసిన విషయాలను తెలుపుతూ మీ అన్నగారికి లేఖ రాయండి.