అంకెల హారము: 12345654321

ఒకటితో మొదలై ఆరు వరకు పెరిగి, మరల ఒకటి వరకు తగ్గు సంఖ్య 12345654321. దీనిని పన్నెండు వందల ముప్పదినాలుగు కోట్ల యేబదియారు లక్షల యేబదినాలుగు వేల మున్నూట యిరువదియొకటి యని చదువవలెను. సెకండునకు ఒకటి చొప్పున రేయింబవళ్లు లెక్కించువానికి సుమారు 391 సంవత్సరములు పట్టును. మన విశాఖపట్టణపు నౌకాశ్రయము 1933లో ఓడలకు తెరవబడినది. ఆనాడే లెక్క మొదలుపెట్టియున్నను నేటికి నాలుగవవంతు ముగిసియుండదు.

క్రీ.శ. 850 ప్రాంతమున, రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్షుని కాలమున, మహావీరాచార్యుడు తన గణితసారసంగ్రహమునందు 27994681ని 441 చేత గుణింపుమని లెక్క యిచ్చెను. లబ్ధము పై సంఖ్యయే. ఇట్టి లబ్ధములను ఆయన కంఠహారములతో పోల్చెను. ఆ గ్రంథమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. 1912లో చెన్నపట్టణమున రంగాచార్యులవారు మూలమును ఆంగ్లానువాదముతో ప్రకటించిరి.

గుణించి చూచి ఆశ్చర్యపడుటతో పని ముగియదు. హారము ఏల కలిగెను? 441 అనునది 21 యొక్క వర్గము. 27994681 అనునది 5291 యొక్క వర్గము. 21ని 5291 చేత గుణించిన 111111 వచ్చును. కావున మన సంఖ్య 111111 యొక్క వర్గము. 111111ని దానిచేతనే గుణించునపుడు ఆరు వరుసలు వ్రాయుదుము. ప్రతి వరుసయు ఒక స్థానము ఎడమకు జరుగును. ఒకట్ల స్థానమున ఒక్క ఒకటి, పదుల స్థానమున రెండు ఒకట్లు, ఇట్లు ఆరవ స్థానమున ఆరు నిలుచును. పిదప ఒక్కొక్కటిగా తగ్గును. ఏ స్థానమునను మొత్తము పదికి చేరదు గనుక ఎడమకు చేర్చవలసిన దేమియు లేదు.

తొమ్మిది ఒకట్ల వర్గము 12345678987654321. అంతవరకు హారము చెడదు. పది ఒకట్లు తీసికొనుడు: నడిమి స్థానమున పది చేరును, వర్గము 1234567900987654321 అగును. పరీక్షలో తొమ్మిదింటిని చూచి పదవదానిని ఊహించి వ్రాయు బాలుడు ఇచ్చటనే మార్కులు పోగొట్టుకొనును.

ఇక కారణాంకములు. 111111 అనగా 3, 7, 11, 13, 37 అను ప్రధాన సంఖ్యల లబ్ధము. వర్గమునందు ప్రతిదియు రెండుమారులు వచ్చును. భాజకమును కూర్చునపుడు ఒక్కొక్కదానిని అసలు తీసికొనకపోవచ్చును, ఒకమారు గాని రెండుమారులు గాని తీసికొనవచ్చును. కావున భాజకములు మూడును ఐదుమారులు గుణింపగా వచ్చు 243. అవి జంటలు జంటలుగా నుండును. 111111 మాత్రము తనకు తానే జత.

ఇట్టి సంఖ్యలు శుభకరములా యని తలిదండ్రులు కొందరు మమ్మడుగుదురు. బండి నంబరు కొరకు అధిక రుసుము చెల్లించువారును గలరు. యోహాను సువార్త 21వ అధ్యాయములోని 153 చేపల సంఖ్య 1 మొదలు 17 వరకు గల సంఖ్యల మొత్తమగుట నిజమే. అయినను జాలరులు వలలోని చేపలను లెక్కించిరి, అదృష్టమును గాదు. మన హారమునకు గల కారణము పైని ఆరు వరుసలలో నున్నది.

ఆచార్యుడు ఇచ్చిన మరియొక లెక్క విద్యార్థులకు విడుచుచున్నాము: 152207ని 73 చేత గుణింపుడు. వచ్చిన లబ్ధము యొక్క వర్గమునందు నడిమి అంకె యేదియో గుణింపకయే చెప్పుడు.