కంచ నేర్పిన పాఠం

చిత్తూరు జిల్లాలోని బంగారుపాళ్యం మామిడి తోటలకు పేరెన్నికగన్నది. ఆ తోటలకు ఆవల కొండలు, అడవులు ఉన్నాయి. పలమనేరు, కుప్పం అడవులలోని ఏనుగుల రక్షణకై 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. అయినా ఏనుగులు ఆ హద్దు దాటి బంగారుపాళ్యం పొలాలలోకి వస్తుంటాయి. పంట నష్టపోయిన రైతు వేదన ఎంత వాస్తవమో, మేతకై వచ్చిన ఏనుగు ఆకలీ అంతే వాస్తవం. దస్త్రాలలోని హద్దులు వన్యప్రాణులకు తెలియవు.

ఈ సత్యమే 2025లో హైదరాబాదులో వివాదరూపం దాల్చింది. హైదరాబాదు విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల భూమి ఉంది. తెలంగాణ వాడుకలో ‘కంచ’ అంటే పశువులు మేసే భూమి. ఏళ్ల తరబడి నిర్మాణాలు లేనందున అక్కడ చెట్లు, పొదలు దట్టంగా పెరిగాయి. నెమళ్లకు, చుక్కల దుప్పులకు, నక్షత్ర తాబేళ్లకు ఆ నేల ఆవాసమైంది.

దీర్ఘకాల వ్యాజ్యం అనంతరం 2024లో ఆ భూమి ప్రభుత్వానిదేనని తేలింది. అక్కడ సమాచార సాంకేతిక సంస్థలకు స్థలం కల్పించాలని ప్రభుత్వం సంకల్పించింది. 2025 మార్చి చివర యంత్రాలు చెట్లను కూల్చసాగాయి. విద్యార్థులు, పర్యావరణవేత్తలు ప్రతిఘటించారు. ఏప్రిల్ 3న సర్వోన్నత న్యాయస్థానం పనులను నిలిపివేసింది. చెట్లు నరకడానికి ముందు అనుమతి పొందారా అని ప్రశ్నించింది. ఏప్రిల్ 16న, చెట్లు కోల్పోయిన సుమారు 100 ఎకరాలను ఎలా పునరుద్ధరిస్తారో తెలపాలని ఆదేశించింది.

ఆ భూమి అటవీ దస్త్రాలలో లేదని, అభివృద్ధి వలన ఉద్యోగాలు లభిస్తాయని ప్రభుత్వం వాదించింది. ఉపాధి కోసం ఎదురుచూసే యువతకు ఇది తోసిపుచ్చదగిన మాట కాదు. అయితే 1996లోనే గోదావర్మన్ కేసులో సర్వోన్నత న్యాయస్థానం, యజమాని ఎవరైనా, ‘అడవి’ అనే పదాన్ని నిఘంటువులోని అర్థంలోనే గ్రహించాలని చెప్పింది. భూమి ఎవరిదన్నది ఒక ప్రశ్న. అందులో ఏ ప్రాణులు జీవిస్తున్నాయన్నది మరొకటి. మొదటిదానికి జవాబు దొరికినంత మాత్రాన రెండవది తీరిపోదు. రెండవ ప్రశ్నను చెట్లు కూల్చిన తరువాత గాక ముందే అడగాలి. కూలిన చెట్టు స్థానంలో మొక్క నాటవచ్చు. అది పెరిగేదాకా చెదరిన ప్రాణులకు నీడ ఎక్కడిది?

వన్యప్రాణులను కాపాడడం ప్రతి పౌరుని ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51-ఎ అధికరణం పేర్కొంటున్నది. ఈ విధి మహానగరానికే పరిమితం కాదు. మన పల్లెలలోనూ మేత పోరంబోకు, వంక పోరంబోకు, గుట్ట పోరంబోకు అనే ప్రభుత్వ భూములు ఉన్నాయి. దస్త్రాలలో అవి పన్ను రాని నేలలు. దగ్గరకు వెళ్లి చూస్తే ఉడుములు, కుందేళ్లు, కౌజులు కాపురముండే చోట్లు. ‘ఖాళీ జాగా’ అనే ముందు ఒకసారి వెళ్లి చూడడం విజ్ఞుల లక్షణం.

ప్రశ్నలు
1. కంచ గచ్చిబౌలి వివాదంలో ఇరుపక్షాల వాదనలను వివరించండి.
2. మీ ఊరి పోరంబోకు భూమిలో కనిపించే చెట్లను, ప్రాణులను గురించి రాయండి.