కుక్కపిల్ల ఎందుకు కొరుకుతుంది?

హాస్టల్ అన్నాక మెస్ వెనుక కుక్క ఈనడం, ఆ పిల్లలకు మనం పేర్లు పెట్టి మిగిలిన అన్నం వేయడం మామూలే. మేము చదువుకున్న హాస్టళ్లన్నింటిలోనూ ఇదే చూశాం. రెండు నెలలు దాటిన పిల్ల చేతిని, ప్యాంటు అంచును, చెప్పును దేన్నీ వదలదు. పొగరనుకుని కర్ర తీసేవాళ్లూ ఉన్నారు.

అది పొగరు కాదు. మూడో వారం నుంచి కుక్కపిల్లకు సూదుల్లాంటి పాలపళ్లు 28 వస్తాయి. నాలుగో నెల నుంచి అవి రాలి, ఏడో నెలకల్లా 42 గట్టి పళ్లు వస్తాయి. ఆ రోజుల్లో చిగుళ్లు సలుపుతాయి. కనిపించినదల్లా నమలాలనిపిస్తుంది.

ఎంత గట్టిగా కొరకవచ్చో అది నేర్చుకునేది తోబుట్టువుల దగ్గరే. గట్టిగా కొరికితే రెండోది కుయ్యిమని ఆట మానేస్తుంది. అందుకే ఎనిమిది వారాలు నిండకుండా పిల్లను తల్లి నుంచి వేరు చేయకూడదు. మనమూ అదే పద్ధతి పాటించాలి. పన్ను తగిలితే చెయ్యి విదిలించకండి, అదీ ఆటే అనుకుంటుంది. కదలకుండా ఆగి, పక్కకు వెళ్లిపోండి. కాసేపయ్యాక పాత తువ్వాలు ముడివేసి ఇవ్వండి. గదిలో అందరూ ఇలాగే చేయాలి. ఒకడు సరదాకి చెయ్యి కొరికించుకుంటే మిగతావాళ్ల శ్రమంతా వృథా. కొడితే మాత్రం చేతిని చూస్తేనే భయపడుతుంది. అలా భయంతో పెరిగిన కుక్క నిజంగా కరుస్తుంది.

తమ్ముళ్లూ, పన్ను దిగితే మాత్రం దాచకండి. వార్డెన్ గారు తిడతారనో, పిల్లను వెళ్లగొడతారనో చాలామంది దాచేస్తారు. చిన్నపిల్లకు రేబిస్ ఉండదనుకోవడం పొరపాటు. మా ఊళ్లలో కారం, సున్నం, పసరు పూస్తారు. అవేవీ వద్దు. కొళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. టీకా ఉచితం. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్నది పాతకాలం మాట. ఇప్పుడు చేతికే, చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, ఆపైన 3, 7, 28 రోజులకు వేస్తారు. రక్తం వస్తే గాయంలోకి వేరే మందు కూడా ఎక్కిస్తారు. జబ్బు లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. 1885లో పాశ్చర్ తొమ్మిదేళ్ల జోసెఫ్ మైస్టర్‌కు టీకా వేసింది లక్షణాలు కనపడకముందే.

కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే పశువైద్యశాలలో రేబిస్ టీకా వేయించాలి, ఆపైన డాక్టరు చెప్పిన గడువుకల్లా మళ్లీ. ఆ తారీఖు గది గోడమీద రాసిపెట్టుకోండి, సెలవులకు ఇళ్లకు పోయినప్పుడు అందరూ మరిచిపోయేది అదే.