డీబగ్గర్‌కు దొరకని విలువ

బాలలూ! జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ అనగానే మనకు సినిమాలు గుర్తుకొస్తాయి. ఫిల్మ్ నగర్‌లో నిర్మాత డి. రామానాయుడు నెలకొల్పిన స్టూడియో పేరు మీరు వినే ఉంటారు. స్టూడియోలో షూటింగు జరిగే పెద్ద హాలును ఫ్లోర్ అంటారు. ఒక ఫ్లోరులో రాజమహల్ సెట్టు వేశారనుకోండి. ఆ దృశ్యాలు తీయడం పూర్తికాగానే దాన్ని విప్పేసి, అక్కడే ఆసుపత్రి సెట్టు వేస్తారు. ఆ తరువాత మీరు వెళ్ళి "రాజమహల్ ఏదీ?" అంటే, లేదనే చెబుతారు. కంప్యూటరులోనూ ఇలాగే జరుగుతుంది.

డీబగ్గర్ అంటే ఏమిటి?

ప్రోగ్రాములోని తప్పును వెదకడానికి తోడ్పడే సాధనం డీబగ్గర్. అది నడుస్తున్న ప్రోగ్రామును మనం కోరిన వరుస దగ్గర ఆపి, చలరాశుల విలువలు చూపిస్తుంది. 1986లో రిచర్డ్ స్టాల్‌మన్ రాసిన జీడీబీ ఇటువంటిదే. ఒక్కొక్కసారి అది విలువకు బదులు "ఆప్టిమైజ్డ్ అవుట్" అంటుంది. ప్రోగ్రాము వేగం పెంచడంలో ఆ విలువ తొలగిపోయిందని దాని అర్థం.

విలువ ఎక్కడికి పోయింది?

మనం రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చేది కంపైలర్. వేగం కావాలంటే అది లెక్కలను పొదుపుగా అమరుస్తుంది. అంత వేగం ఎందుకంటారా? సినిమాలో సెకనుకు 24 బొమ్మలు కదులుతాయి. అడ్డంగా 2048, నిలువుగా 1080 చుక్కలుండే బొమ్మలో 22,11,840 చుక్కలుంటాయి. అంటే సినిమా గ్రాఫిక్సు చేసే కంప్యూటరు ఒక్క సెకను దృశ్యానికే 5,30,84,160 చుక్కల లెక్క చూడాలి! ఒక చుక్కకు చేసే చిన్న లెక్క ఇది:

1. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు చదువు.
2. మొత్తం = ఎరుపు + ఆకుపచ్చ + నీలం
3. సగటు = మొత్తం ÷ 3
4. సగటును భద్రపరచు.

ప్రాసెసరులో లెక్కలకు వాడే చిన్న గదులను రిజిస్టర్లు అంటారు. ఇవే మన ఫ్లోర్లు. ఇవి కొద్దిగానే ఉంటాయి. 2వ వరుస ముగిశాక ఎరుపుతో పనిలేదు. అందుచేత కంపైలర్ ఆ గదిని మరో విలువకు ఇచ్చేస్తుంది. 4వ వరుస దగ్గర ఆపి "ఎరుపు ఎంత?" అంటే, గది ఉంది కాని అందులో ఎరుపు లేదు.

ఏ చలరాశి ఎప్పుడు ఏ గదిలో ఉంటుందో కంపైలర్ ఒక పట్టిక రాసి ఉంచుతుంది. 4వ వరుస దగ్గర ఎరుపుకు ఎదురుగా ఆ పట్టిక ఖాళీ. పాత గదిలో ఉన్నదాన్నే ఎరుపు అని డీబగ్గర్ చూపితే అది అబద్ధమవుతుంది. దాన్ని నమ్మి మనం లేని తప్పును వెదుకుతాం. కనుక "లేదు" అనడమే మేలు.

మరి చూడడమెలా?

మూడు దారులున్నాయి. మొదటిది, ఎరుపుతో పని తీరకముందే ప్రోగ్రామును ఆపడం. రెండోది, పొదుపు వద్దని చెప్పి మళ్ళీ కంపైల్ చేయడం. అప్పుడు చలరాశులకు మెమరీలో సొంత చోటు ఉంటుంది, కాని వేగం తగ్గుతుంది. పైగా పొదుపు చేసినప్పుడే బయటపడే తప్పులు ఇలా దొరక్కపోవచ్చు. మూడోది, 4వ వరుస తరువాత ఎరుపును అచ్చువేయమనడం. ఇంకా పని ఉంది గనుక కంపైలర్ దాన్ని నిలిపి ఉంచుతుంది.

ఆలోచించండి: ఎరుపు పోయినా మొత్తం, ఆకుపచ్చ, నీలం మిగిలి ఉంటే ఎరుపును కనుక్కోగలమా? సగటు ఒక్కటే మిగిలితే?